ఒడ్డు మీది గడ్డి

మా అత్త బాలనర్సమ్మకు ఈ లోకంలో శత్రువంటూ ఎవరైనా ఉంటే అది గడ్డి. మనుషుల మీద ఆమె కోపం ఒక పూట కూడా నిలవదు, గడ్డి మీద మాత్రం పుట్టెడు పగ. అత్వెల్లిలోని మా వరి మడిలో ఊద గానీ, తుంగ గానీ, గరిక గానీ ఆమె కంటబడి బతికింది లేదు. చుట్టాల ఇంటికి పోయినా సరే, ముందు వాళ్ళ వాకిట్లో మొలిచిన గరికను వేళ్ళతో సహా పీకి అవతల పారేసి, ఆ తర్వాతే మంచినీళ్ళు తాగేది. అలాంటి మనిషి దగ్గరికి పోయి నేను, "అత్తమ్మా, మన పొలంల గడ్డి పెంచుదామా?" అని అడిగాను.

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒళ్ళు సల్లగనే ఉన్నది. మరి గిదేం మాట బిడ్డా?" అంది.

ఆ మాట నేను ఊరికే అనలేదు. రెండు వేల ఒకటిలో యాసంగి వరి సగం పొట్ట మీద ఉండగానే మా బోరు చేతులెత్తేసింది. అత్వెల్లి హైవే మీది ఊరు. ఎండిన పొలం కనిపిస్తే చాలు, ప్లాట్లు చేసి తెల్ల రాళ్ళు పాతడానికి మనుషులు తయారుగా ఉంటారు. మా ఊళ్ళో ఆ పని ప్రతాప్ పటేల్‌ది. చెడ్డవాడని నేననను. నవ్వుతూ పలకరిస్తాడు, నవ్వుతూనే పొలం కొంటాడు. మా పొలానికి ఈ పక్కా ఆ పక్కా అప్పటికే కొనేశాడు. మధ్యలో మాదొక్కటే అడ్డం.

మా ఆయన సిద్దిరాములు మెత్తని మనిషి. "అమ్మేద్దాం సరళా. మేడ్చల్ల బస్ డిపో కాడ ఓ డబ్బా పెట్టుకుందాం. నీళ్ళు లేని పొలంతోని ఎన్నొద్దులని కొట్లాడుతం?" అని మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. డబ్బాలో కూర్చుని బీడీ కట్టలు అమ్ముకుంటూ ఆయన బాగానే ఉంటాడు. నా సంగతేమిటి? పొలం పోయిన మర్నాటి నుంచి నేను ఇంకొకరి పొలంలో కూలిదాన్ని. ఆ మట్టిలో కాలు పెట్టిన ప్రతిసారీ ఇది నాది అనుకునేదాన్ని. నా పేరున కాగితం లేదు, అయినా నాదే. అది పోతుందంటే నాకు అన్నం సయించలేదు.

ఆ ఎండాకాలం శామీర్‌పేట దగ్గర కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ గార్డెన్‌కు కూలికి పోయాను. అక్కడ ఎవరో ముందే తయారు చేసి ఉంచిన నేల మీద మా చేత గడ్డి పరిపించారు. గడ్డిని వేళ్ళూ మట్టితో సహా బడి పలకంత ముక్కలుగా కోసి, గోదావరి అవతలి నుంచి లారీలో తెచ్చారు. ఆ ముక్కలను పక్కపక్కన పేర్చుకుంటూ పోతే పొద్దుటి మట్టినేల సాయంత్రానికి పచ్చగా అయిపోయింది. నాకు ఆశ్చర్యం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. గడ్డి కూడా లారీ ఎక్కి అంత దూరం నుంచి రావాలా? మా ఊరి భూమికి గడ్డి మొలిపించే పాటి సత్తువ లేదా? చిరిగిన ముక్కలను పారేస్తుంటే గోనె సంచిలో కుక్కుకుని, బస్సులో కండక్టర్‌తో తిట్లు తిని ఇంటికి తెచ్చాను.

మా పొలంలో పైమడికి నీళ్ళెక్కక చాలా ఏళ్ళుగా పడావు పడి ఉంది. ఆ గడ్డిని పిలకలు పిలకలుగా విడదీసి, బిందెలతో నీళ్ళు మోసి అక్కడ నాటాను. ఊరంతా నవ్వింది. "సిద్దిరాములు పెండ్లాం గడ్డి పండిస్తాందట, తినెటందుకా, తినబెట్టెటందుకా?" అని బావి దగ్గర ఒకటే ఇకఇకలు. ప్రతాప్ పటేల్ కూడా పొలానికి వచ్చి చూశాడు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, నేను నూరిపోసిన మాటలు ఎలాగో బయటపెట్టాడు.

"ఒక్క ఏడాది ఆగు పటేలా. గీ గడ్డి అమ్ముడువోయి, పెట్టిన కాడ వేర్లు వట్టి పారితె పొలం మా తాననే ఉంటది. పారకుంటె వచ్చేటేడు దసరాకు నీకే రాసిస్త."

"గడ్డేనా? పెంచుకో రాములూ, పెంచుకో," అని ప్రతాప్ పటేల్ మా ఆయన భుజం తట్టాడు. "వరి కంటె గడ్డి మీద రాళ్ళు పాతుడు ఇంకింత సులువైతది."

మా ఆయనకు మాట ఇవ్వడం ఒక జబ్బు. ఇచ్చాక ప్రాణం మీదికి వచ్చినా తప్పడు, అది ఇంకో జబ్బు. ఇక దసరా వరకు నా బతుకు ఆ పైమడి చేతిలో ఉంది.

మా అత్త పైమడి జోలికి రానని ఒట్టు పెట్టుకుంది. కానీ వానలు పడగానే గడ్డిలో తుంగ మొలిచింది. తుంగ కనిపించాక ఆమె కాళ్ళు ఆగుతాయా? గొంతు కూర్చుని గడ్డి మధ్యలోంచి తుంగను ఏరడం మొదలుపెట్టింది. "గడ్డిల గడ్డి పీకుడు. నా బతుకు గిట్లాయె," అని గొణుక్కుంటూనే, రోజూ నాకంటే ముందు పొలానికి చేరేది. మరుసటి ఆషాఢానికి పైమడి అంతా సందు లేకుండా అల్లుకుంది. వరికి చాలని నీళ్ళు దానికి చాలాయి.

మొదటి గిరాకీ దానంతటదే వచ్చింది. మనోరమ అనే ఆమె మా రోడ్డు పక్క నర్సరీలో మొక్కలు కొనడానికి వచ్చి, దూరం నుంచి పైమడి పచ్చదనం చూసి చెప్పులు చేతబట్టుకుని ఒడ్ల మీద నడుచుకుంటూ వచ్చేసింది. ఒడ్డంటే పొలం గట్టు, మా వైపు అలాగే అంటాం. ఆమె భర్త జనార్ధన్ సుబేదార్‌గా రిటైరై కౌకూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు.

"మా లైన్ల అన్నీ కొత్త ఇండ్లేనమ్మా. అందరి ముంగట ఎర్రమట్టే. మాది మంచిగొస్తే చాలు, చూసి అందరూ పెట్టించుకుంటరు," అంది మనోరమ.

ఆ మాట విన్నాక నేను నేల మీద నడవలేదు. అందరూ పెట్టించుకుంటే పొలం నిలిచినట్టే.

కౌకూర్ ఇంటి ముందు జాగా చూసి మా అత్త కొంగు నడుముకు బిగించింది. "పట్నమోళ్ళ ఇల్లు. మనకు పేరు రావాలె. మనకొచ్చిన పనంత సూపియ్యాలె," అంది. ముందు ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్ళలూ ఏరి, గడ్డపారలతో తవ్వి, మాగిన పశువుల ఎరువు కలిపాం. అంతవరకూ అంతా బాగానే ఉంది. ఆ తర్వాత మాకొచ్చిన పనుల్లో అన్నిటికన్నా గొప్ప పనికి దిగాం. దమ్ము చేశాం.

దమ్మంటే మడిలో నీళ్ళు నిలగట్టి, మట్టిని తొక్కి తొక్కి, వేలు పెడితే దిగిపోయే బురదగా చేసి చదును చేయడం. వరి నాటుకు ముందు అది జరిగి తీరాలి. మా అత్త దమ్ము చేసిన మడిలో నాటు వేయడానికి ఊరి ఆడవాళ్ళు పోటీ పడతారు. మా ఆయన జాగా చుట్టూ చిన్న ఒడ్డు కట్టాడు, చుక్క నీరు బయటికి పోకుండా. జనార్ధన్ సారు నీళ్ళ ట్యాంకర్ తెప్పించాడు. మేము బురద తొక్కుతుంటే చూసి చూసి ఆయన ఇక ఆగలేక, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తానూ దిగాడు. ఆయనది సిద్దిపేట వైపు, రైతు కొడుకు.

"మా నాయిన గిట్లనే తొక్కుతుండె. ఎన్నేండ్లాయె గీ బురదల కాలు పెట్టక!" అని చిన్నపిల్లాడిలా చిందులు వేశాడు.

మనోరమ మెట్ల మీద నిలబడి, "గడ్డికి గింత బురదెందుకండీ? నేను చూసిన గార్డెన్లల్ల ఎక్కడా లేదు," అంది.

"నువ్వు సికింద్రాబాద్ల పుట్టినవు. పొలం ముచ్చట నీకేం తెలుస్తది? ఊకో," అన్నాడాయన. మేము ముగ్గురం తలలూపాం.

నేల అద్దంలా వచ్చింది. దాని మీద గడ్డి పలకలు పరిచి అదిమితే చక్కగా కూర్చున్నాయి. సాయంత్రానికి ప్రహరీ అవతల ఆడవాళ్ళూ మగవాళ్ళూ చేరి చూస్తున్నారు. గడ్డి అంటే గిట్టని మా అత్త చివరి పలకకు అంటిన బురదను తన కొంగుతో తుడిచింది. గర్వంతో నాకు ఆ పూట ఆకలి కూడా కాలేదు.

వారం తిరగకముందే ముసురు పట్టింది. వాన తగ్గీ తగ్గకముందే నేనూ మా అత్తా బస్సెక్కి కౌకూర్ చేరాం. గేటు దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఆయన అంత నేర్పుగా కట్టిన ఒడ్డు నీళ్ళను చుక్క కూడా వదలకుండా పట్టి ఉంచింది. ఆ నీళ్ళలో గడ్డి పలకలు తేలుతున్నాయి. ఒకటి గేటు వైపు, ఒకటి మెట్ల వైపు, నింపాదిగా తిరుగుతున్నాయి. మనోరమ పొడుగు చీపురుతో ఒక పలకను ఒడ్డుకు లాగుతోంది.

"రా సరళా. నీ గడ్డికి ఈత కూడా వస్తది. నాకు చెప్పనే లేదు," అంది.

ప్రహరీ అవతల నవ్వులు. తేలనివి ఎక్కడివక్కడే పసుపు పచ్చగా తిరిగి కుళ్ళు వాసన వేస్తున్నాయి. జనార్ధన్ సారు బయటికి రాలేదు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మా అత్త ఒక పలకను నీళ్ళలోంచి తీసి కొంగులో చుట్టుకుంది.

మేము ఇల్లు చేరేలోపే కబురు అత్వెల్లి చేరింది. ప్రతాప్ పటేల్ మా ఇంటికే వచ్చాడు. ఎగతాళి చేసినా బాగుండేది, నాలుగు మాటలు అనేదాన్ని. ఆయన జాలిపడ్డాడు.

"ఊకో సరళా, పరేషాన్ గాకు. నువ్వు జేసేది జేసినవు. దసరా దాక ఎందుకు, కాయితాలు రాయిస్త. నీ మొగనికి గూడ నిమ్మలమైతది."

మా ఆయన తలెత్తలేదు. నేను లోపలికి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. పొలం చేజారినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున మా అత్త వాకిట్లో ఆ పలకను తిరగేసి పెట్టుకుని కూర్చుంది. కింద వేళ్ళు నల్లబడి ఉన్నాయి. వేలితో ఒక్కొక్క వేరునూ విడదీస్తూ, వాసన చూస్తూ, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. ఉన్నట్టుండి అరచేత్తో నుదురు కొట్టుకుంది.

"సరళా! ఓ సరళా! మనమే సంపినమే దీన్ని!"

నేను పరుగున వచ్చాను.

"మడిల దమ్మెందుకు జేస్తం? చెప్పు, ఎందుకు జేస్తం?"

"నాటెయ్యనీకి."

"నాటెయ్యనీకొక్కదానికేనా? ఉన్న గడ్డి బురదల మురిగి సావాలని గూడ గద! ఏండ్ల సంది గీ చేతులతోని దమ్ము జేసి గడ్డిని సంపుతున్న. గీ మంచి గడ్డిని గూడ తీస్కపోయి గదే దమ్ముల పెట్టిన!" ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. "మడిల గడ్డి నాకెప్పుడూ లొంగింది బిడ్డా. నన్ను ఏడిపించింది ఒడ్డు మీది గడ్డి. ఒడ్డు మీద గరికను ఒక్క ఏడాదన్న గెల్సిన్నా? పీకినకొద్ది వస్తది. ఒడ్డు మీద నీళ్ళు నిలవయి గద, అందుకు!"

పైమడి నా కళ్ళ ముందు మెదిలింది. దానికి ఎవరు దమ్ము చేశారు? ఎవరూ చేయలేదు. మొరం కలిసిన ఆ పడావు నేలలోనే, నీళ్ళు ఆగని ఆ ఎత్తులోనే గడ్డి అల్లుకుంది. రోజూ చూస్తూనే ఉన్నాం. పట్నం వాళ్ళకు మంచి పని చేసి పెట్టాలన్న తాపత్రయంలో ఒక్కరికీ తట్టలేదు.

"అయితే అత్తమ్మా, సారు జాగనంత ఒడ్డు జేద్దాం," అన్నాను.

"జేద్దాం పా!" అని ఆమె అప్పుడు చాయ్ అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

పైమడిలో మిగిలిన గడ్డి ఇంకొక్కసారికి సరిపోతుంది, అంతే. అది కూడా పోతే చూపించడానికి మా దగ్గర గడ్డిపరక లేదు. మా ఆయన భయపడ్డాడు. "ఉన్నదంత కోసి పెట్టినంక గది గూడ పోతె?" అన్నాడు. "పోతె నువ్వు డబ్బా పెట్టుకో. నేనేమన్న," అన్నాను. ఆయన గడ్డపార భుజాన వేసుకున్నాడు.

కౌకూర్‌లో నేను బతిమాలలేదు. ఎలా పొరపాటు జరిగిందో, ఈసారి ఏం చేస్తామో ఉన్నదున్నట్టు చెప్పాను. జనార్ధన్ సారు నేల చూపులు చూశాడు, బురదలో అందరికంటే ఎక్కువ గంతులేసింది ఆయనే. మనోరమ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"మొన్న నలుగురు రైతులు కలిసి చేసిండ్రు. ఈసారి సికింద్రాబాద్ల పుట్టిన నేను గూడ పక్కన నిలబడత. ఒప్పుకుంటేనే చెయ్యుండ్రి."

"నిలబడుడేంది తల్లీ, నువ్వే జెయ్యి," అంది మా అత్త దండం పెడుతూ.

బురద ఆరనిచ్చి, పెళ్ళలు పగలగొట్టి, చుట్టూ కట్టిన ఒడ్డు ముందు తీసేశాం. మొరం, ఇసుక, ఎరువు కలిపి పరిచాం. ఇప్పుడు నేల ఇంటి వైపు కొంచెం ఎత్తుగా, గేటు వైపు కొంచెం పల్లంగా ఉండాలి. ఇక్కడ మా ఆయన చేతులు మొరాయించాయి. చిన్నప్పటి నుంచి మడిని సమానంగా చదును చేసిన చేతులవి. వాలు పెట్టమంటే పెడతాడు, ఒక అడుగు వెనక్కి వేసి చూస్తాడు, మళ్ళీ సమానం చేసేస్తాడు.

"నాతోనైతలేదే. వంకరగ కనవడితె చెయ్యి ఆగుతలేదు," అన్నాడు దీనంగా.

మనోరమ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇంటి వైపు పోసేది. నీళ్ళు గేటు దాకా పారితే సరే. మధ్యలో ఆగితే "ఆగినయి!" అని అరిచేది, మా ఆయన మళ్ళీ చదును పలక లాగేవాడు. ఆమె సందు దొరికినప్పుడల్లా భర్త వైపు చూసి, "పొలం ముచ్చట నాకేం తెలుస్తది?" అనేది. ఆయన గేటు బయటికి పోయి సిగరెట్ ముట్టించుకునేవాడు. చివరికి చెంబు నీళ్ళు ఎక్కడా ఆగకుండా జరజరా గేటు కిందికి పోయాయి. మా అత్త చప్పట్లు కొట్టింది.

అప్పుడు పైమడి కోశాం. పారతో గీతలు గీసి, అడుగున పార దూర్చి, పలకలు పలకలుగా లేపి, తడిపిన గోనెపట్టాలు కప్పి ట్రాలీ ఆటోలో తెచ్చాం. కోసిన చోట మళ్ళీ అల్లుకోవడానికి సన్నని వరుసలు వదిలాం. మిగతా మడి గుండు గీసినట్టు అయింది. వెనక్కి తిరిగి ఒకసారి చూసి ఆటో ఎక్కాను. కౌకూర్‌లో గోడకు ఇటుక పేర్చినట్టు, ఒక వరుస అతుకు ఇంకో వరుస అతుకుకు ఎదురు రాకుండా పరిచాం. సందుల్లో ఇసుక పోశాం. దిమ్మిసతో మెల్లగా కొడుతూ, పలక కింద గాలి లేకుండా నేలకు అంటేలా చూశాం. నీళ్ళు తడిసేంత చల్లాం, నిలిచేంత పోయలేదు.

శ్రావణంలో, మేము చూడ్డానికి పోయిన రోజే, మబ్బులు కమ్మాయి. నల్లగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా. అందరం వరండాలో నిలబడ్డాం. పక్కింటివాళ్ళు కూడా గొడుగులేసుకుని ప్రహరీ దగ్గరికి వచ్చారు, ఈసారి కూడా ఈత చూడొచ్చని కాబోలు. కుండపోతగా కురిసింది. మనసులో ఏ దేవుడు గుర్తొస్తే ఆ దేవుణ్ణి పిలిచాను.

నీళ్ళు గడ్డి మీద పడ్డాయి. పలచగా మెరుస్తూ గేటు వైపు నడిచాయి. గేటు కింది నుంచి సందులోకి, సందులోంచి కాల్వలోకి పోయాయి. ఒక్క పలక కదల్లేదు. ఒక్క అంచు లేవలేదు.

మా అత్త ఆగలేదు. ఆ వానలోనే దిగి, గడ్డి మధ్యలో గొంతు కూర్చుని, కలుపు తీసే చేత్తో గడ్డిని గుప్పెడు పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి లాగింది. పరకలు తెగి చేతికొచ్చాయి గానీ వేరు రాలేదు. నేల దాన్ని పట్టేసుకుంది. అంతటి మనిషి, ఊరి గడ్డినంతా వణికించిన మనిషి, తడి గడ్డి మీద వెనక్కి చతికిలబడి పగలబడి నవ్వింది.

"రాదే సరళా! ఇగ రాదు! నా తోని గూడ అయితలేదు!"

నేను పరుగెత్తుకెళ్ళి ఆమెను పట్టుకున్నాను. ఇద్దరం వానలో తడుస్తూ నవ్వాం, ఏడ్చాం. మనోరమ వరండాలోంచి కేకలు వేస్తోంది, జనార్ధన్ సారు సెల్యూట్ కొడుతున్నాడు. మా ఆయన స్తంభానికి ఆనుకుని మొహం అటు తిప్పుకున్నాడు. వాన వెలవకముందే గొడుగులవాళ్ళు లోపలికి వచ్చారు. "మాకెప్పుడు పెడతరమ్మా?" అని మొదటి మాట ఎవరన్నారో గానీ, ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

దసరా దగ్గరికొచ్చింది. కోసిన పైమడి మళ్ళీ సగం పచ్చబడింది. బయానా ఇచ్చిన కౌకూర్ ఇళ్ళకు అది చాలక, కింది మడిలో కూడా ఒడ్లు తీసేసి వాలు పెట్టి పిలకలు నాటుతున్నాం. వాలు పెట్టడం ఇప్పుడు మా ఆయనకు అలవాటైంది. ఆ పనిలో ఉండగా ప్రతాప్ పటేల్ కారు ఒడ్డు దగ్గర ఆగింది.

"రాములూ, దసరా వచ్చింది. మాట యాదికున్నదా?" అన్నాడు నవ్వుతూ.

మా ఆయన పార పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని ఆయన ముందుకు వెళ్ళాడు. ఈ మెత్తని మనిషి ఏమంటాడో దేవుడికే తెలియాలి. మా ఆయన ఈసారి చేతులు కట్టుకోలేదు.

"యాదికున్నది పటేలా. పారకుంటె రాసిస్తనన్న. పారింది," అన్నాడు. తిరిగి వచ్చి పార అందుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

ప్రతాప్ పటేల్ కాసేపు పచ్చగా కనిపిస్తున్న పైమడిని, మమ్మల్ని, మళ్ళీ పైమడిని చూశాడు. పోలేదు. కారు తలుపు మీద చెయ్యి వేసి గొంతు సవరించుకున్నాడు.

"సరే మంచిదే. గట్లనే కానియ్యి. గది గాదు సరళా, మా కొత్త వెంచర్ గేటు కాడ ఆఫీసు గట్టిన. ముంగట గడ్డి మస్తుగుంటదంటున్నరు. పండుగకు ఓపెనింగు. జర జల్దీ పెట్టియ్యరాదూ?"

ఆయన ఇంటి అరుగు ముందు మా మామ, ఆ తర్వాత మా ఆయన ఎన్ని పొద్దులు నిలబడి ఎదురు చూశారో నాకు తెలుసు. పటేల్ స్నానం చేస్తున్నాడు, పటేల్ అన్నం తింటున్నాడు, ఆగు అని లోపలి నుంచి కబురు వచ్చేది. నేను నడుము నిటారుగా చేసి నిలబడి, చేతిలోని పిలకలు గంపలో వేశాను.

"పెడతం పటేలా. కని మీ కంటె ముందు కౌకూరోళ్ళున్నరు. ఆళ్ళయి అయినంక. అందాక ఆగుండ్రి."

ఆయన నవ్వబోయి ఆపేశాడు. మా అత్త వంచిన తల ఎత్తకుండానే పిలకలు నాటుతోంది.

"ఎన్నొద్దులు ఆగాలె?" అన్నాడు.

"మేమే కబురు పంపుతం."

పుట్టి బుద్ధెరిగాక నేను ఒక పటేల్‌ను ఆగమనడం అదే మొదటిసారి. ఆయన ఆగాడు.